సంగటికి కొక్కెం చెయ్యలేదంట

శీనమ్మా,

వంటింట్లో బండ మీదుండే మిషను నువ్వు ఎత్తొద్దు, బరువు. స్విచ్చి ఒకటి మీదనే పెట్టు. రెండులో పెడితే పిండి నా మొగాన కొట్టింది. నేల ఊడ్చినాను.

అది పిండి పిసికేది. నిన్న ఆత్మకూరులో డాక్టరు నీ కుడిచేతి కట్టు విప్పి, ఎముక అతుక్కుంది, ఆపరేషన్ అక్కర్లేదు అన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. నిన్ను బస్టాండులో కూర్చోబెట్టి బీడీలకని పోయింది దీనికే. పొద్దున నువ్వు ప్రార్థనకు పోయినాక ఆటోలో వచ్చింది.

వంకర కొక్కెం చపాతీ పిండికి. తీగల బుట్ట గుడ్లు గిలక్కొట్టేదానికి. ఆకు మాదిరి ఉండేది కేకులకంట, అటక మీద పెట్టినాను. కూర కైమా చేసే గొట్టం విడిగా తీసుకున్నాను, మనిద్దరి పళ్ళకు అదే మంచిది.

"సంగటి కెలికేది ఉండాదా" అని అడిగినాను. షాపాయన నవ్వి, "దానికి ఏ కంపెనీవోళ్ళూ కొక్కెం చెయ్యలేదు పెద్దాయనా" అన్నాడు.

ఆరు నెలలు ఆ చేత్తో పిసకొద్దు, కెలకొద్దు అని డాక్టరు చెప్తుంటే నువ్వు తల అటు తిప్పుకున్నావు. నేను చూసినాను. బోరింగు కాడ జారి పడినప్పుడు కూడా మూడు దినాలు నాతో చెప్పకపోతివి. ఇంక అట్ట చెయ్యొద్దు.

మేకలు తోలుకుని పోతున్నాను. పొద్దుగూకేలోపల వస్తాను.

సంగటి తెడ్డు కోసం ఇల్లంతా వెతకొద్దు. నా వెంట తీసుకపోతున్నాను. నేనొచ్చి కెలుకుతాను.