శనివారపు నెలపొడుపు

1923 జులై 14, శనివారం. భోపాలపట్నం

ఆకాశమంతా మబ్బు. కలప కాంట్రాక్టర్ మదార్ సాబ్ మాత్రం ఇంద్రావతి ఒడ్డున బక్రీదు నెలవంక చూశానంటున్నాడు. ఒక కంట్లో శుక్లం అతనికి. ఎదురుంగ వచ్చే ఎద్దు కనబడదు, మబ్బుల ఎనకున్న చాంద్ కనబడ్డదా అని మసీదు ముల్లా ఎద్దేవా చేశాడు. కితాబుల మునిగినోనికి ఆకాశం ఏం ఎరుక అని ఇతను. ఆఫీసులో ఉద్యోగం చేసేవాణ్ణని తీర్పు నన్ను చెప్పమన్నారు. బొంబాయి ఆల్మనాక్, ఇంగ్లీషు పంచాంగం, తెచ్చి చూపించాను. అమావాస్య వెళ్లింది ఇవాళ పొద్దున్నే. ఈ సాయంత్రం నెలవంక ఇక్కడే కాదు, మక్కాలో కూడా కనబడదు. ఇద్దరికీ నచ్చలేదు, ముల్లాకు ఇంగ్లీషు పుస్తకం సాక్ష్యం అక్కర్లేదట. వీళ్లకు కావలసింది చంద్రుడు కాదు, గెలుపు.

జులై 15

ఇవాళ అందరికీ కనబడింది. ఇది రెండోనాటి చంద్రుడని మదార్ సాబ్ వాదన. ఇరవై ముసల్మాను గడపలు లేని ఊళ్లో రెండు బక్రీదులు. నెలలో పదో రోజు పండగ, కాంట్రాక్టర్ మనుషులకు 24 మంగళవారం, ముల్లా మనుషులకు 25 బుధవారం.

జైనబ్ ఉంటే నవ్వేది. తన అన్న లాల్‌మియా వెంట హజ్‌కు వెళ్లింది. నాకు నమ్మకం లేదు, భర్తనైనా వెంట వెళ్లలేదు. వానాకాలం వదిలి వెళ్లడమే ఆమెకు కష్టమైంది. పెంకులు కారే చోటల్లా గిన్నెలు పెట్టి, ఆ చప్పుడు వింటూ కూర్చునే మనిషి.

జులై 23, సోమవారం

ఎండ. చాలా రోజులకు బట్టలు ఆరాయి. కాంట్రాక్టర్ మనుషులు ఇవాళ అరఫా ఉపవాసం ఉన్నారు. పండగకు ముందురోజు, నెలలో తొమ్మిదోది. హాజీలంతా అరఫాత్ మైదానంలో నిలబడే రోజు. ముల్లా లెక్కలో అది రేపు. వీళ్ల కోసం పాపం హాజీలు రెండు రోజులు నిలబడాలి కాబోలు.

జులై 24, మంగళవారం

మదార్ సాబ్ ఇంట్లో విందు. పందిరి కారి నీళ్లు బిర్యానీలో పడ్డాయి. మక్కా జంజం నీళ్లే అనుకొని తినుండ్రి సాబ్ అన్నాడు. కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను.

అక్టోబరు 6

లాల్‌మియా సిరొంచ బండి దిగాడు. ఒక్కడే.

అక్టోబరు 7

అరఫా రోజు, మధ్యాహ్నం. ఎండదెబ్బ. అక్కడే మట్టి చేశారు.

ఏ వారమని అడిగాను. ఆడ వారాలు ఎవలు చూస్తరు బావా, అరఫా దినం అంటె సాలదా అన్నాడు. చివరికి ఏమందని అడిగాను. మనూర్ల ఇప్పుడు వాన పడుతున్నదా అన్నదట. నాకేం ఎరుక చెల్లే అన్నాడట. తర్వాత ఏమీ అడగలేదట.

అక్టోబరు 8

ఆఫీసుకు వెళ్లాను.

అక్టోబరు 9

పరామర్శలు. ముల్లా, మదార్ సాబ్ మొదటిసారి ఒక్క మాట మీద ఉన్నారు. అరఫాత్‌ల పోవుడంటె పెద్ద నసీబట. అంత నసీబైతే తమ ఇళ్లలోంచి ఎవరినీ పంపలేదేం?

అక్టోబరు 11

సోమవారమైతే ఇక్కడ ఎండ. మంగళవారమైతే వాన. ఆమె అడిగినదానికి జవాబు చెప్పాలంటే అక్కడి తొమ్మిదో రోజు ఏదో తెలియాలి. ముల్లాను అడిగాను. మక్కా చాంద్ మక్కాది, మన చాంద్ మనది బేటా అన్నాడు. ఇంత చదివింది ఇది చెప్పడానికి.

ఆల్మనాక్ ప్రకారం మంగళవారమే. మంగళవారం నేను నవ్వుతున్నాను. ఈ పుస్తకం తప్పని ఎవరైనా రుజువు చేస్తే బాగుండు.

అక్టోబరు 12

మదార్ సాబ్ దగ్గరికి వెళ్లాను. ఆ శనివారం నిజంగా చూశావా అన్నాను. ఖురాన్ మీద చెయ్యి పెడతానన్నాడు. తర్వాత నా ముఖం చూశాడు. మేకలు తెచ్చి కట్టేసినం సాబ్, వానల మేత దొరకలే, ఒక దినం ముందు కోస్తె ఏమాయె అనుకున్న అన్నాడు.

లేచాను. గుమ్మం దాకా వచ్చి, మీకు ఏ దినం గావాలె సాబ్, గా దినమే చూసిన్నని చెప్త అన్నాడు.

ఇంటికి వచ్చి ఈ డైరీలో జులై పేజీలు వెనక్కి తిప్పాను.

జులై 24, మంగళవారం

పడుతోంది జైనబ్. పొద్దుటి నుంచి.