నిన్నటి అంకె

మంగళవారం, బందరు

స్నానం చేసినా ఒంటికి చెరువు వాసన పోలేదు.

కృత్తివెన్నులో యేసురత్నం గారి రొయ్యల చెరువు గట్టున పెట్టిన కంప్యూటర్‌లో విండోస్ ఉన్నన్నాళ్లూ ఒకటే గొడవ. నీటిలో ఆక్సిజన్ చెప్పే కొత్త ఫైలు వచ్చినప్పుడల్లా, తెర మీద అంకె చూపించే ప్రోగ్రాం పాత ఫైలును మెమరీలో మ్యాప్ చేసి, అంటే తెరిచి పట్టుకుని ఉందంటూ దాన్ని తీసేయనిచ్చేది కాదు. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. విసుగొచ్చి విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించాను. గొడవ పోయింది.

ఇవాళ వెళ్లేసరికి నీటికి గాలి కొట్టే ఏరేటర్లు ఆపేసి ఉన్నాయి, రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నాయి. తెర మీద మాత్రం ఆక్సిజన్ బ్రహ్మాండం.

"నిన్నటి నుంచీ అదే అంకండీ," అన్నారు ఆయన భార్య మేరీ గారు. "మీరు బాగుచేశారు కదా, ఇంక కదలదనుకున్నాం."

లైనక్స్ పాత ఫైలును తీసేయనిచ్చింది. ప్రోగ్రాంను ఆ తీసేసిన ఫైలునే చూస్తూ ఉండనిచ్చింది. ఎవరినీ కాదనలేదు. ఏరేటర్లు వేయించి, కొత్త ఫైలు రాగానే దాన్నే తెరిచేలా ప్రోగ్రాం సరిచేసి వచ్చాను.

ఇందాక యేసురత్నం గారు ఫోన్ చేశారు. "అంతా బానే ఉందండీ, మీరు పడుకోండి."

కాదనడం తెలియని మనిషి. చెరువు చూసి చెప్పారో, తెర చూసి చెప్పారో అడగలేకపోయాను...