యాదగిరి పెరోల్‌కు గల్లీ అభ్యంతరం

జూన్ 9
యాదగిరి పెరోల్ దరఖాస్తు పైకి పంపాను. శిక్ష పడ్డాక ఇదే మొదటిది. కారణం — తల్లి అవసాన దశ. చూపు ఆనడం లేదు, గొంతు మాత్రం గుర్తుపడుతుందట. ఆమె లాలాపేట్‌లో కూతురు మణెమ్మ అద్దె ఇంట్లో ఉంది. అతడు బస చేయవలసిందీ అక్కడే. జైలు సంక్షేమాధికారిగా నా సిఫారసు: "నడవడి సంతృప్తికరం." అసంతృప్తికరంగా నడవడానికి లోపల చోటెక్కడిదో ఫారంలో అడగలేదు.

జూన్ 11
యూనివర్సిటీ క్యాంపస్. తాను పనిచేసే లేడీస్ హాస్టల్ మెస్ వెనక మణెమ్మ బియ్యం ఏరుతోంది. సమ్మతి సంతకం పెట్టింది. ఒకటే షరతు — గల్లీలో తెలియకూడదు. తనకొక తమ్ముడున్న సంగతే అక్కడెవరికీ తెలియదు. పోలీసు విచారణ గోప్యంగా జరుగుతుందని హామీ ఇచ్చాను.

జూన్ 16
విచారణ గోప్యంగా జరిగింది. జీపులో. గల్లీ నడుమ ఆపి, నల్లా దగ్గరున్న ఆడవాళ్లందరినీ కానిస్టేబుల్ అడిగాడట: మణెమ్మ తమ్ముడు, హత్య కేసు ఖైదీ, వస్తే మీకేమైనా అభ్యంతరమా? అప్పటివరకు లేదు, తెలియదు గనుక. నివేదిక — "స్థానికుల అభ్యంతరం కలదు."

జూన్ 17
దరఖాస్తు తిరస్కృతి.
మధ్యాహ్నం యూనివర్సిటీలో నా అతిథి ఉపన్యాసం: ఖైదీల పునరావాసంలో సమాజం పాత్ర. ప్రొజెక్టర్ పనిచేయలేదు. అదొక్కటే ఊరట.

జూన్ 18
తార్నాక బస్టాప్‌కు మణెమ్మ రమ్మంది. తలవంచుకొని తిట్లు స్వీకరించే సన్నద్ధతతో వెళ్లాను. తిట్టలేదు. నల్లా దగ్గర అందరికంటే ముందు అభ్యంతరం చెప్పిన పక్కింటావిడే రాత్రి వచ్చి కూర్చుందట. "జీపు జూసి బుగులైందే. గిన్నొద్దులు గీ ముచ్చట కడుపుల వెట్టుకొని ఎట్లున్నవ్?"
ఇద్దరూ ఏడ్చారట. నాకు మాత్రం పొడి కళ్లతోనే చెప్పింది —
"దాసిపెట్టుడైతే అయిపోయింది సార్. ఇగ రానీయుండ్రి."

జూన్ 20
మళ్లీ దరఖాస్తు. పునర్విచారణకు ఆదేశం. ఈసారి జీపు లేకుండా వెళ్లవలసిందిగా స్టేషన్‌లో విన్నవించుకున్నాను. రైటర్ నన్ను జాలిగా చూశాడు. "నడుసుకుంట వోతే పోలీసోళ్లమని ఎవరు నమ్ముతరు సార్?"

జూన్ 21
మణెమ్మ ఫోన్. తల్లికి నీళ్లు చెంచాతో పోస్తున్నారు. మాట... అప్పుడొకటి, ఇప్పుడొకటి.

జూన్ 22
యాదగిరిని కలిశాను. గల్లీ సంగతి ఎత్తలేదు. అక్క రమ్మంటోందని చెప్పాను.
"అమ్మ మాట్లాడుతున్నదా సారూ?"
మాట్లాడుతోందన్నాను.
అది నిన్నటి సమాచారం. విచారణ రేపట.