చెరువు గట్టున తెరుచుకోని పేజీ

మంగళవారం, బందరు

రొయ్యల చెరువుల్లో తిప్పే ఏరేటర్లకి కొత్త మాన్యువల్ రాయాలి. దాన్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్ నన్నే ఎంపిక చెయ్యమన్నారు మేనేజర్‌ గారు. కృత్తివెన్ను గట్ల మీద సిగ్నల్ ఉండదండీ, కాగితం మీద అచ్చయ్యేది తీసుకుందామన్నాను.

“కాగితం ఎవరు చూస్తారమ్మా? అంతా ఆన్‌లైనే!”

పాత మాన్యువల్లో ఒక్క పేజీ చింపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మోటారు స్టార్టర్ డబ్బాకి వేలాడదీసుకున్న రైతు వెంకట్రావు గారి ఫొటో చూపించాను.

“భలే ఉంది. వెబ్‌సైట్లో పెడదాం,” అన్నారు.

ఆయన చెప్పిన ఆన్‌లైన్‌దే ‘ఎంపిక’ చేసి వచ్చాను.

బయట మబ్బు, గాలి లేదు. ఇలాంటప్పుడు ఏరేటర్ ఆగితే ఊపిరందక రొయ్య పైకి తేలిపోతుంది. వచ్చే పంటలో ఇలాంటి రాత్రే, వెంకట్రావు గారు ఫోన్ పైకెత్తి పట్టుకుని గట్టంతా తిరుగుతూ ఉంటారు.