ఒకటి బదులు నాలుగు

వరంగల్,
శనివారం.

ప్రియమైన తమ్ముడు ప్రశాంత్‌కు అక్క ప్రేమతో రాసేది. దేవుని దయవల్ల నాన్న, మీ బావ డేవిడ్, మా పాప ఏంజెల్, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, మౌనిక, బాబు కూడా సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోన్ చేస్తే ఆ, ఊ తప్ప పలకవు గాని కాగితం దొరికితే నాలుగు పేజీలు మాట్లాడతావు. అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను. ఖరగ్‌పూర్ వానల్లో సిగ్నల్ డ్యూటీకి పోతుంటే గొడుగు గాలికి తిరగబడిందని నువ్వు రాసింది ఏంజెల్‌కు చదివి వినిపించాను. మామయ్యను రెయిన్‌కోటు కొనుక్కోమని చెప్పమంది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది. పట్టీ తీసిన రోజు ఇంట్లో గోడల మీది మరకలన్నీ ఆయనకు ఒక్కసారే కనబడ్డాయి. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమని నా మీద విసుక్కున్నాడు. ఇప్పుడు పొద్దున్నే దుకాణానికి వచ్చి మందుల ఎక్స్‌పైరీ తేదీలు తనే చదువుతున్నాడు. అమ్మ సమాధి చుట్టూ గడ్డి తీయించి సున్నం వేయించాం. ఏంజెల్ ఈ ఏడు పదో తరగతి, లెక్కల్లో మాత్రం నా పోలికే.

ఇక కొత్త సిస్టమ్ సంగతి. ఎక్కువ పేజీలు దాని గురించే అడిగావు కాబట్టి నేనూ వివరంగానే రాస్తాను. నువ్వు డిగ్రీ చదివేటప్పుడు రాసిన ప్రోగ్రాం పదిహేడేళ్లు మన కృప మెడికల్స్‌ను నడిపింది. అది ఎక్కడా మొరాయించలేదు, కంప్యూటరే ముసలిదైపోయింది. రిపేరు చేసేవాళ్లు దాని లోపలి భాగాలు ఇక దొరకవన్నారు. డిస్ట్రిబ్యూటర్ల బిల్లులన్నీ ఇప్పుడు నేరుగా ఇంటర్నెట్‌లో వస్తున్నాయి. వాటిని చూసి ఒక్కో బ్యాచ్ నంబరూ చేత్తో కొట్టేసరికి నాకు సగం రోజు పోయేది. మార్చెయ్ అక్కా అని నువ్వే ధైర్యం చెప్పావు గనుక మార్చాం, లేకపోతే నాకు చేతులు వచ్చేవి కావు.

కంపెనీ వాళ్లు మానస అనే అమ్మాయిని పంపారు. ఊరు రఘునాథపల్లి, రోజూ బస్సులో వచ్చి పోయేది. వారం రోజులు మన పోచమ్మమైదాన్ దుకాణంలోనే ఉంది. నీ ప్రోగ్రాంలో ఒక్కో గిరాకీ పేరు కింద నువ్వు పెట్టిన "గుర్తు" అనే గడి ఉంది కదా, దాన్ని చూసి చాలా నవ్వింది. చెవుడు, గట్టిగా చెప్పాలి. బిళ్ల సగానికి విరిచి ఇవ్వాలి. చదువు రాదు, పొద్దుటి మందుకు ఎర్ర చుక్క పెట్టాలి. ఇట్లాంటివి నాలుగు వందలకు పైగా ఉన్నాయట. కొత్తదాంట్లో వాటికి చోటు లేదు. మానస ఆఫీసుకు ఫోన్ మీద ఫోన్ చేసి మనకోసం ఒక గడి పెట్టించింది. కాబట్టి, గుర్తులన్నీ వచ్చాయా అన్న నీ ప్రశ్నకు జవాబు, అన్నీ వచ్చాయి. స్కానర్ పనిచేస్తోంది. పాత ప్రింటర్ మాత్రం దీనితో కలవలేదు.

మొదటి రోజు పదకొండింటికి ఇంటర్నెట్ పోయింది. కౌంటర్ ముందు పన్నెండు మంది నిలబడి ఉన్నారు. నాన్న మెల్లగా లేచి, కార్బన్ కాగితం తీసి, చేత్తో బిల్లులు రాయడం మొదలుపెట్టాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, పెన్ను బందు కాదు," అన్నాడు. అంత హుషారుగా ఆయన్ను చూసి చాలా కాలమైంది. ఇప్పుడు మానస ఇంకో లైను కూడా పెట్టించింది. రెండు వారాలుగా ఏ ఇబ్బందీ లేదు.

ఈ ఉత్తరంలోనూ, దీనికి ముందుదాంట్లోనూ నువ్వు ఒక మాట రాశావు. 2010కి ముందు ఫైళ్లు కొత్తదాంట్లోకి ఎక్కించొద్దు, అవి చెత్త, తీసెయ్యండి అని. తీసెయ్యలేదు తమ్ముడూ. ఎందుకు తీసెయ్యమన్నావో ఇప్పుడు నాకు తెలుసు.

మందుల వివరాలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడానికి పది మంది పాత గిరాకీల పేర్లు చెప్పమంది మానస. తొమ్మిది చెప్పాను. పదోది తనే ఎంచుకుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే మొగిలి తాత పేరు.

"అక్కా, గీ ప్రోగ్రాం ఎవలు రాసిన్రు?" అంది తెర వైపు చూస్తూ.

"మా తమ్ముడు. ఎందుకు?"

"మస్తుగ రాసిండు. ఎవలు ఏం మార్చిన్రో టైంతోని సహా లోపల రాసి పెట్టుకున్నది. గీ తాతకు ఒక్క దినంలనే రెండు మార్పులున్నయి చూడు."

చూశాను. 2009 ఆగస్టు ఏడు. పొద్దున పది పన్నెండుకు షుగర్ బిళ్ల పవర్ నాలుగు. సాయంత్రం ఐదూ నలభైకి అదే బిళ్ల పవర్ ఒకటి. రెండింటి పక్కనా నా పేరులోని మొదటి రెండు అక్షరాలే ఉన్నాయి. మానసకు అవి వట్టి అక్షరాలు. మంచినీళ్లు తాగొస్తానని చెప్పి నేను వెనక గదిలోకి వెళ్లి కూర్చున్నాను.

ఇక దాచను. నేను కౌంటర్ మీద కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ ఏడో తేదీ పొద్దున మొగిలి తాత డాక్టరు రాసిన కొత్త చీటీ తెచ్చాడు. ముందు ఐదారుగురు తొందరపెడుతున్నారు. ఒకటి అని కొట్టాల్సింది నాలుగు కొట్టాను. అంకెల మీటల్లో ఒకటి పైన ఉండేది నాలుగే కదా, వేలు జారింది. ప్రింటర్‌లోంచి వచ్చిన చీటీ చూసి నాన్న మందు ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక బిళ్ల వేసుకుని ఆయన మగ్గం మీదే పడిపోయాడు. షుగర్ పూర్తిగా దిగిపోయిందని దవాఖానలో చెప్పారు. సాయంత్రం ఆయన భార్య ఆ బిళ్లల అట్ట పట్టుకుని దుకాణానికి వచ్చింది.

ఆమె గుమ్మంలో ఉండగానే నేను తెర మీద ఆయన పేరు తెరిచాను. నాలుగు కనబడింది. నేను కొట్టిందేనని ఆ క్షణమే గుర్తొచ్చింది. నాన్న కౌంటర్ దాటి నా వైపు రావడానికి పట్టిన కాసేపట్లో దాన్ని ఒకటిగా దిద్దేశాను. నాన్న చూసేసరికి తెర మీద ఒకటి ఉంది. తను ఇచ్చిన చీటీలో నాలుగు ఉన్నట్టు ఆయనకు బాగా గుర్తు. అంటే ప్రోగ్రాం తెర మీద ఒకటి చూపించి చీటీలో ఇంకొకటి రాస్తోందని అనుకున్నాడు.

అప్పుడు నువ్వు కాలేజీ నుంచి వచ్చావు. కాసేపు కంప్యూటర్ ముందు కూర్చుని లేచావు. వీధిలో వాళ్లందరూ వింటుండగా నాన్న అన్న మాటలు నాకు ఇప్పటికీ వినబడతాయి. "నీ డబ్బా వల్ల మనిషి పాణం పోతుండె. నీ తెలివి తీసుకపోయి గంగల కలుపు." నువ్వు తల వంచుకుని "అవు నాన్నా, ప్రోగ్రాంలనే తప్పున్నది," అన్నావు.

నీకు నిజంగానే అట్లా తోచిందనుకున్నాను. పదహారేళ్లు అట్లాగే అనుకుని బతికాను. అయితే ఆ పేజీలో మూడో వరుస కూడా ఉంది. ఆరు గంటల ఐదు నిమిషాలకు ఆ మార్పుల పట్టికను తెరిచి చూసిన మనిషి అక్షరాలు. అవి నీవి.

నువ్వు చూశావు. నేను కొట్టింది, దిద్దింది రెండూ చూసి, మూసేసి, లేచి వచ్చి నాన్న ముందు తల వంచావు. ఆ నెలలోనే దుకాణం మానేశావు. రైల్వే పరీక్ష రాసి అంత దూరం వెళ్లిపోయావు. అమ్మ పోయినప్పుడు వచ్చావు, ఏంజెల్ బాప్తిస్మానికి వచ్చావు. వచ్చినప్పుడల్లా నాన్న నీకు చెప్పాల్సింది నాకు చెప్పేవాడు, నువ్వు ఆయనకు చెప్పాల్సింది నాకు చెప్పేవాడివి. మధ్యలో నిలబడి ఇద్దరికీ మాటలు అందిస్తుంటే ఇంట్లో అందరూ నన్ను మంచి అక్క అన్నారు.

ఆ రోజు ఎందుకు నోరు విప్పలేదని అడుగుతావేమో. మొదట భయం. తర్వాత నీకు ఉద్యోగం వచ్చింది గనుక అంతా మంచికే జరిగిందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట నన్ను చాలా ఏళ్లు కాపాడింది.

మీ బావకు నిన్న చెప్పాను. అంతా విని, "మామయ్యకు ఎప్పుడు చెబుతున్నవ్?" అని మాత్రం అడిగాడు. రేపు చర్చిలో ఆరాధన అయ్యాక నాన్నకు చెబుతాను. చెప్పిన తర్వాతే ఈ ఉత్తరం పోస్టు చేస్తాను.

బుధవారం.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను.

ఆదివారం చర్చి నుంచి అందరం దుకాణానికి వచ్చాం. నాన్న దగ్గు మందు సీసాలు తుడుస్తూ వరసగా పెడుతున్నాడు.

"నాన్నా, మొగిలి తాత బిళ్లల సంగతి యాదికున్నదా?" అన్నాను.

"ఎట్ల మరుస్త?"

"అది తమ్ముని తప్పు కాదు. నేనే తప్పు కొట్టిన. నువ్వు వచ్చి చూసేలోపట నేనే దిద్దిన."

తుడుస్తున్న సీసాను కింద పెట్టాడు. "వానికి ఎరుకేనా?"

"ఆ దినమే చూసిండు. నన్ను కాపాడనీకె అట్ల చెప్పిండు."

నాన్న కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను, తిట్టలేదు. చివరికి, "మీ అమ్మ పోయేముందు కూడ అడిగింది, వాన్ని దగ్గరికి తీసుకొమ్మని. తప్పు చేసినోడే ముందు మాట్లాడాలె అని నేనే అన్న," అన్నాడు. ఇంకేమీ అనకుండా లేచి ఇంటికి నడిచి వెళ్లిపోయాడు. రెండు రోజులు నేను వడ్డిస్తే తినలేదు, ఏంజెల్ వడ్డిస్తే తిన్నాడు. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. దానికి నాకు బాధ లేదు.

సోమవారం నేను కొత్తవాడ వెళ్లాను. మొగిలి తాతకు ఇప్పుడు చూపు తగ్గింది, మగ్గం కొడుకు నేస్తున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. విన్నాడు.

"మీ తమ్ముడు మూడు దినాలు దవాఖానల నా మంచం కాడనే కూసున్నడు బిడ్డా. ఇంటికి పో అంటె పోలె. తప్పు చేసిండు గద, అందుకే కూసున్నడు అనుకున్న," అన్నాడు. మళ్లీ, "చెయ్యంది మీద వేసుకొని ఎందుకు కూసున్నడో మరి," అన్నాడు.

తప్పయిందని ఆయన చేతులు పట్టుకున్నాను. "బతికే ఉన్న గదా. ఇగ మీద జర చూసి ఇయ్యి," అన్నాడు. ఇప్పుడు ఒక్కో చీటీ కొట్టాక గట్టిగా చదివి ఇంకొకరికి వినిపించిన తర్వాతే మందు ఇస్తున్నాం. దుకాణంలో అదొక్కటి నేను కొత్తగా పెట్టిన పద్ధతి.

నిన్న పొద్దున నాన్న నా ఎదురుగా నిలబడి, "టికెట్ చెయ్యి," అన్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"వాని కాడికి."

"ముందు ఫోన్ చేద్దామా?"

"ఫోన్ల చెప్పే ముచ్చట కాదు."

విజయవాడ దాటి ఎన్నడూ పోని మనిషి. ఒక్కడినే పోతానన్నాడు గాని డేవిడ్ సెలవు పెట్టి వెంట వస్తున్నాడు. రేపు వరంగల్ స్టేషన్‌లో ఎక్కుతారు. నీకు ముందు చెప్పొద్దని నాన్న నాతో ఒట్టు వేయించుకున్నాడు. అందుకే ఈ ఉత్తరాన్ని పోస్టులో వేయడం లేదు, ఆయన చేతికే ఇస్తున్నాను. నువ్వు చదివేదాకా తను ఏమీ మాట్లాడనని చెప్పాడు. నన్ను క్షమించమని నేను కూడా నిన్ను అడగాల్సి ఉంది. అది కాగితం మీద అడగను, ఏంజెల్ పరీక్షలు కాగానే వచ్చి నీ ఎదుట అడుగుతాను.

నువ్వు ఇది చదువుతుంటే మీ బావ టీ తాగొస్తానని బయటికి వెళ్లి ఉంటాడు. నేనే వెళ్లమన్నాను. గదిలో మీరిద్దరే ఉంటారు. ఆయన రైల్లో కూడా నిన్ను అడగాల్సిన క్షమాపణ మాటే మళ్లీ మళ్లీ మనసులో చెప్పుకుంటూ వచ్చి ఉంటాడు, అయినా మొదలుపెట్టడం చేతకాదు. తొందరపెట్టకు. ఈ కాగితం మడిచి పక్కన పెట్టి, ఆయన పక్కకు వెళ్లి కూర్చో.

ఇట్లు,
నీ అక్క
సుభాషిణి