గుడియాత్తంలో కళ్లజోళ్లు పంచిన రోజు

రాజమ్మక్కా,

నిన్న వేలూరులో మా యూనివర్సిటీ వాళ్లు వైవిధ్యం, సమాజసేవ, ప్రపంచ పౌరసత్వం అని మూడు పేర్లు పెట్టి ఒకే పండుగ చేశారు. పొద్దున ఏ దేశం పిల్లలు ఆ దేశం బట్టలు కట్టుకుని స్టేజీ మీద పాడారు. మధ్యాహ్నం లెక్చరర్లం పిల్లల్ని బస్సెక్కించుకుని సేవకు బయల్దేరాం. నాకు గుడియాత్తంలో మన వీధే పడింది. నువ్వు పోయాక నేను అక్కడికి వెళ్లలేదు.

బీడీలు చుట్టే ఆడవాళ్ల కళ్లు పరీక్షించి అద్దాలు ఇవ్వడం మా పని. నీ పక్కన కూర్చుని చుట్టిన మునెమ్మత్త కూడా వచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. కెన్యా నుంచి వచ్చిన మా విద్యార్థిని గ్రేస్ అద్దాలు చేతికిస్తే తోసేసింది.

"నాకొద్దు పాపా. కండ్లు బాగుండాయంటే మా కోడలు ఇంకో చేటెడు చుట్టమంటాది."

ఆ మాట గ్రేస్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు.

"కోడలికి కనపడకుండా దాచిపెట్టుకోమనండి మేడం," అంది.

అదీ తెలుగులో చెప్పాను. మునెమ్మత్త అద్దాలు పెట్టుకుంది. ముందు తన వేళ్లు చూసుకుంది. తర్వాత నా గడ్డం పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"యాడికి పోయినావే రాజమ్మా, ఇన్నాళ్లూ?"

నువ్వు పోయిన రోజు నీ తల దగ్గర కూర్చుని ఏడ్చిన మనిషే, అక్కా. నేను నీ చెల్లెల్నని చెప్పలేదు.

"వేలూర్లోనే ఉండాను అత్తా," అన్నాను.