పది ఇళ్ల బియ్యం

23 అక్టోబరు 1948, శనివారం
బన్సీలాల్‌పేట్

పోలీసు యాక్షన్ తర్వాత ఆఫీసులో మా ఆయన సెలవు జీతం ఆగిపోయింది. డాక్టరు గారేమో ఆయన క్షయకి పాలు, గుడ్లు, విశ్రాంతి అంటారు. నా టీచరు జీతం వాటికే చాలడం లేదు. మా చర్చి ఆడవాళ్లం వండిన ప్రతిసారీ లేనివాళ్ల కోసం ఒక పిడికెడు బియ్యం డబ్బాలో తీసిపెడతాం. ఈ నెల నేను ఒక్కసారీ తియ్యలేదు.

ఇవాళ మరియమ్మక్క ఆ బియ్యం పోగుచేయడానికి వచ్చింది. ఖాళీ డబ్బాను కొంగు చాటున పెట్టుకున్నాను. ఆమె డబ్బా అడగకుండానే తన సంచి మా చాటలో కుమ్మరించింది.

"ఈ నెల గివన్ని మీకే, టీచరమ్మా. అందరం అనుకున్నం. పరేషాన్ గాకు."

అయితే లేనివాళ్లం ఇప్పుడు మేమే. ఆయనకు చెబితే ముద్ద దిగదని చెప్పలేదు. కానీ పది ఇళ్ల బియ్యం ఒకేలా ఉడుకుతాయా? సన్నవి మెత్తబడ్డాయి, దొడ్డువి పలుకుగానే ఉన్నాయి. మొదటి ముద్దకే నా వైపు చూశారు.

"చర్చి బియ్యం గదా?"

తలూపాను. నాకు మిగలాలని రోజూ ఆకలి లేదంటూ సగమే పెట్టించుకునే మనిషి, ఇవాళ మారు అడిగి తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ నెమ్మదిగా అన్నారు.

"రేపటి సంది మనం సుత పిడికెడు తీసిపెడదాం. ఇంకో ఇంట్ల ఎవరో దగ్గుతుంటరు."

డబ్బా కడిగి బోర్లించాను. పొద్దున వంటవేళకి ఆరితే చాలు.